చప్పట్లు లేని గదిలో పద్యం

నాకు కోపమొస్తే గోదావరి జిల్లాలు రెండూ వణికేవి. రావులపాలెంలో ఒకసారి నాటకంలో రౌద్రపద్యం ఎత్తుకుంటే హైవే మీద అరటిగెలల లారీలు వరసగా ఆగిపోయాయి. నిజం చెప్పాలంటే వంతెన మీద ఏదో బండి చెడిపోయి ఆగినవే అవి. డ్రైవర్లు ఊరికే కూర్చోలేక వచ్చి నాటకం చూశారు. అయినా ఆగాయి కదా.

తొంభైల మధ్యలో వచ్చిన కోపం మాత్రం కల్తీ లేనిది. నా పైపళ్లు కదిలిపోయాయి. రాజమండ్రిలో పళ్ల డాక్టరు చూసి ముందు వరస మొత్తం తీసేయాలన్నాడు.

"కట్టుడు పళ్లతో పద్యం పాడొచ్చా?" అని అడిగాను.

"అన్నం తినొచ్చండి," అన్నాడు.

బతుకంతా రాజు వేషాలు కట్టినవాడితో అనే మాటేనా అది? పళ్లు పోతే పద్యంలో సగం అక్షరాలు ఈలలైపోతాయి. అప్పటికి నా గొంతు ఏ క్యాసెట్టులోనూ లేదు. అడిగినవాళ్లను తిట్టి పంపింది నేనే. ఎదురుగా మనిషి లేకుండా పాడేది పద్యం కాదు, దగ్గు అని ఊరూరా చెప్పాను. దాన్ని సిద్ధాంతం అనేవాణ్ణి. నిజానికి అది భయం.

పళ్లు తీయించుకునేలోపు పాడి టేపుకెక్కించి తీరాలనుకున్నాను. మా హార్మోనిస్టు చుట్టం కాకపోయినా ఊళ్లు పట్టుకు తిరిగి తిరిగి బావ అయిపోయినవాడు. ఆయన నవ్వాడు.

"జనం లేకపోతే నీకు నోరు పెగలదు బావా."

"హార్మోనియం తీసుకుని రా. నీ నోరు ఇంట్లో పెట్టి రా," అన్నాను.

రాజమండ్రిలోకెల్లా పెద్ద రికార్డింగ్ థియేటర్‌కి వెళ్లాం. సరే, ఫొటో స్టూడియో వెనక గది. గోడలకు కొబ్బరిపీచు పరుపులు కొట్టి ఉన్నాయి. మండే ఎండాకాలం. చప్పుడు పడుతుందని ఫ్యాను కట్టేసి, రికార్డు చేసే ఆయన అద్దం అవతల కూర్చున్నాడు.

పద్యనాటకంలో పద్యం చివర రాగం తీస్తాం. ఎంతసేపన్నది పాడేవాడి చేతిలో ఉండదు. జనం చప్పట్లు కొట్టేదాకా తీయాలి, కొట్టగానే దింపాలి. నా ఒంటికి తెలిసిన పద్ధతి అదొక్కటే. రౌద్రపద్యం బాగానే పాడాను. రాగం ఎత్తుకున్నాను. చప్పట్లు లేవు. ఇంకాస్త పైకి పోయాను. లేవు. బావ కూడా అలవాటు కొద్దీ వేళ్లు పరిగెత్తిస్తూ వెంటపడ్డాడు. మెడనరాలు ఉబ్బాయి, ఊపిరి అయిపోయింది. చివరికి నిజంగానే దగ్గు వచ్చింది.

స్పీకర్లో అద్దం అవతలి గొంతు వినిపించింది. "మాస్టారూ, రాగం ఎక్కడ ఆపుతారండీ? క్యాసెట్టు ఒకపక్క అయిపోయేలా ఉంది."

"ఎవరైనా చప్పట్లు కొట్టండి బాబూ. లేకపోతే ఈయన దిగడు," అన్నాడు బావ.

"కొడతానండి. టేపులో పడతాయి మరి."

కండువా విసిరి తలుపు దాకా వెళ్లాను. డాక్టరు మీద కోపం, పరుపుల మీద కోపం, నాటకం మాని రికార్డింగ్ డాన్సులకు ఎగబడిన జనం మీద కోపం. అన్నిటికన్నా ఆ చప్పట్ల మీద. ఇన్నేళ్లూ ఎక్కడ ఆపాలో అవే చెప్పాయి. నా పద్యం ఎక్కడ ముగుస్తుందో నాకు తెలియదన్నమాట.

"నేను చెప్పలేదూ," అన్నాడు బావ వెనకనుంచి, తాపీగా.

వెనక్కి వచ్చాను. స్టూలు బావ మోకాళ్లకు తగిలేలా లాక్కుని, కళ్లల్లోకి చూస్తూ అదే పద్యం ఎత్తుకున్నాను. అరవలేదు. చేతికందే దూరంలో ఉన్నవాణ్ణి తిట్టడానికి అరుపెందుకు? రాగం కొద్దిగా పైకి లేచింది. అనాల్సింది అనేశాననిపించిన చోట ఆపేశాను. బావ చెయ్యి ఆలస్యంగా ఆగింది. మిగిలిపోయిన ఆ స్వరం ఇప్పటికీ టేపులో ఉంది.

తిరిగి వేసి వినిపించారు. నా గొంతు కంచుగంట అని చాలామందికి నేనే చెప్పుకున్నాను. స్పీకర్లోంచి వచ్చింది గంట కాదు, విసిగిపోయిన ఒక ముసలాడు. పళ్లు ఊడకముందే ఈల కూడా మొదలైంది.

"ఈల పడింది బావా," అన్నాడు.

"పడనీ."

"మళ్లీ పాడతారా అండీ?" అద్దం అవతలాయన అడిగాడు.

"ఆ పద్యం అయిపోయింది. తర్వాతది పాడతాను," అంటూ స్టూలు మైకు దగ్గరికి జరుపుకున్నాను.

ఏది పట్టమంటావన్నాడు బావ. కోపం ఇంకా చాలా మిగిలి ఉంది. కోపం పద్యమే పట్టమన్నాను.