యాకోబు తీయని గార్డు

ఎనిమిదేళ్లుగా ఒక మాట నా గొంతులో ఉంది. మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. దాన్ని అక్కడే పెట్టుకుని అన్నం తిన్నాను, ప్రార్థన చేశాను, ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లలో నవ్వుతూ నిలబడ్డాను. ఈ మధ్య ఊపిరి కూడా దాన్ని దాటుకుని రావలసి వస్తోంది.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. పేరు చెప్పుకోలేనివాడు ఒప్పుకునేదేమిటి అంటారేమో. అనండి. ఇందులో మనుషుల పేర్లు మార్చాను. మిగిలిందేదీ మార్చలేదు.

కర్నూలు పక్కన కల్లూరులో, ట్రాక్టర్లూ మిషన్లూ బాడుగకిచ్చే ఒక షెడ్డులో నేను మెకానిక్కుని. ఇప్పుడు పెద్ద మెకానిక్కుని. అప్పట్లో మా శెట్టిగారు కొత్తగా ఒక కంప కొట్టే మిషను తెప్పించారు. అది ట్రాక్టరు వెనక బిగించే పొడవాటి ఇనుప చెయ్యి. పక్కకు చాస్తే దాని కొనన బ్లేళ్లు గిర్రున తిరుగుతూ, రోడ్ల వెంట గోడలా అల్లుకున్న తుమ్మకంపను నరుక్కుంటూ పోతుంది. కోడుమూరు రోడ్డు పక్కన కంప కొట్టే పని మాకు వచ్చింది. ఆ ట్రాక్టరు డ్రైవరు యాకోబు.

యాకోబుది కోడుమూరు దగ్గర పల్లె. రెండెకరాల మెట్ట పొలం, వాన పడితే పంట. మాదీ అతనిదీ ఒకే చర్చి. నాకంటే ఆరేళ్లు చిన్న. నన్ను అన్నా అని పిలుస్తాడు. ఇవాళ పొద్దున కూడా పిలిచాడు.

మిషను తగిలించే ముందు ట్రాక్టరును సిద్ధం చేయడం నా పని. చూసేవాళ్లకు నాలుగు బోల్టులు బిగించడమే అనిపిస్తుంది. కాదు. ఇనుప చెయ్యి ఒక పక్కకు చాస్తే బండి అటు ఒరుగుతుంది, కాబట్టి రెండో పక్క చక్రానికి బరువులు వేయాలి, చక్రాల మధ్య ఎడం పెంచాలి. మిషను అటూ ఇటూ ఊగకుండా గొలుసులు బిగించాలి. ఆయిలు పైపులు తడిమి చూడాలి. బ్లేళ్లకు తగిలిన రాళ్లు ఎగిరి వస్తాయి గనక డ్రైవరు పక్కన జాలీ కట్టాలి. అన్నిటికంటే ముఖ్యమైనది షాఫ్టు. ఇంజను బలాన్ని మిషనుకు అందించే ఇనుప కడ్డీ అది. నిమిషానికి వందల చుట్లు తిరుగుతుంది. చొక్కా కొన తగిలితే చాలు, మనిషిని లాక్కుంటుంది. అందుకే దాని మీద పచ్చటి ప్లాస్టిక్కు గొట్టం ఒకటి తొడుగుతారు. లోపల షాఫ్టు ఎంత తిరిగినా పైన గొట్టం కదలదు. దాన్ని గార్డు అంటాం.

ఒక ఆదివారం, చర్చి అయ్యాక షెడ్డుకు పోయాను. తెల్లవారి ఆరింటికి బండి కోడుమూరు రోడ్డు మీద ఉండాలి, పని చూడటానికి ఆఫీసర్లు వస్తున్నారు అన్నారు శెట్టిగారు. షాఫ్టుకు గ్రీజు పెట్టడానికి గార్డు తీశాను. తిరిగి ఎక్కిస్తుంటే దాన్ని పట్టి ఉంచే రింగు నా చేతిలో టప్పుమని విరిగింది. రింగు లేకపోతే గార్డు నిలవదు. కర్నూలులో సామాన్ల అంగడి ఆదివారం మూత. సోమవారం తెరిచేది పొద్దున పది దాటాక.

శెట్టిగారికి ఫోను చేసి, బండి నాలుగు గంటలు ఆలస్యమవుతుంది అంటే సరిపోయేది. ఆయన అరిచేవారు. అంతకు ముందు వారమే ఒక పైపు బిగించడంలో చెడగొట్టి మాట పడ్డాను. మళ్లీ నా చేతిలోనే విరిగిందని ఎట్లా చెప్పను? భయమా? సిగ్గా? ఎనిమిదేళ్లుగా ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. ఏది రాసినా నన్ను నేను కొంచెం మంచివాడిగా చూపించుకున్నట్టే ఉంటుంది.

గార్డును, విరిగిన రింగును ఆయిలు డ్రమ్ముల వెనక పెట్టాను. షెడ్డులో ఒక చీటీ ఉంటుంది. బరువులు, గొలుసులు, జాలీ, గార్డు, ఒక్కోదాని ఎదురుగా టిక్కు పెట్టి సంతకం చేయాలి. అన్నిటికీ పెట్టాను. రేపు పదింటికి రింగు కొని నేనే తీసుకుపోయి తొడుగుతాను కదా, నాలుగు గంటల్లో ఏమవుతుంది అనుకున్నాను.

పొద్దున యాకోబు వచ్చి, అంతా సరిగ్గా ఉందా అని అడిగాడు. ఉందన్నాను. అతను వంగి చూడలేదు. నేను ఉందంటే అతనికి ఉన్నట్టే.

ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. షాఫ్టు మీద గార్డు లేదు, ఇంజను ఆపకుండా దిగొద్దు అని. అది కూడా ఎందుకు చెప్పలేదు? చెబితే, గార్డు లేకుండా బండి తీయనంటాడని. అతను అట్లాంటి మనిషే.

పదిన్నరకు కర్నూలు అంగట్లో రింగు కొని జేబులో వేసుకున్నాను. అప్పుడే ఫోను వచ్చింది. బ్లేళ్ల దగ్గర పాత కంచె తీగ ఏదో చుట్టుకుందట. యాకోబు ఇంజను ఆపకుండానే దిగి వంగాడు. షాఫ్టు అతని చొక్కా చేతిని పట్టుకుంది. రోడ్డున పోయేవాళ్లు ఇంజను ఆపి, ఆటోలో వేసి కర్నూలుకు తెస్తున్నారు అన్నారు.

ఇక్కడ నేను ఆసుపత్రికి పరుగెత్తాను అని రాయాలని ఉంది. నేను షెడ్డుకు పోయాను. డ్రమ్ముల వెనక నుంచి గార్డు, విరిగిన రింగు తీసి, గోనెసంచిలో చుట్టి, నా మోటారు సైకిలుకు కట్టుకుని కోడుమూరు రోడ్డు పట్టాను. మనుషులందరూ యాకోబు వెంట పోయినట్టున్నారు, ట్రాక్టరు ఒక్కటే ఎండలో నిలబడి ఉంది. షాఫ్టు వైపు చూడలేదు. చూడకుండానే గార్డును, రింగును సీటు వెనక, అతని నీళ్ల క్యాను పక్కన పెట్టాను. అప్పుడే తెచ్చి పెట్టినట్టు కనిపిస్తోందేమోనని నాలుగు గడ్డిపరకలు, గుప్పెడు ఎర్రమన్ను దానికి రుద్దాను. ఆ పని చేసిన చేతులు నావే. అంత శ్రద్ధగా నేను ఏ పనీ చేయలేదేమో.

మధ్యాహ్నం విచారణకు వచ్చినవాళ్లు సీటు వెనక గార్డు చూశారు. చీటీ మీద నా టిక్కు చూశారు. విరిగిన రింగు చూసి, డ్రైవరు బలవంతంగా పీకినట్టున్నాడు అని వాళ్లే అన్నారు. నేను అవునని అనలేదు. అనవలసిన అవసరమే రాలేదు. అట్లా ఆ ఫైలు మూసేశారు.

మూడోరోజు ఆసుపత్రిలో యాకోబు కళ్లు తెరిచి మాట్లాడాడు. కుడి చెయ్యి మోచేతి పైదాకా తీసేశారు. భార్య రూతమ్మ మందుల కోసం కిందికి పోయింది. మేమిద్దరమే ఉన్నాం.

"అన్నా, గార్డు నేనే తీసినానంట గదా," అన్నాడు.

నేను అతని మీది దుప్పటి సరిచేశాను.

"నాకేమీ గుర్తుకు రాలేదన్నా. పొద్దున్నే బండెక్కింది గుర్తుండాది. ఆమైన ఏమీ లేదు. నువ్వు చెప్పు, నేనే తీసినానా?"

తలుపు తెరిచి పట్టుకున్నట్టు ఆ ప్రశ్న నా ముందు నిలబడింది. ఒక్క అడుగు వేస్తే చాలు. ఆ గదిలో మరో మనిషి లేడు, అతను నా ముఖంలోకే చూస్తున్నాడు, నేను ఏది చెబితే అది నమ్మడానికి సిద్ధంగా ఉన్నాడు.

"శబ్దం చేస్తాందని తీసింటావులే యాకోబూ," అన్నాను. "డ్రైవర్లు శానామంది చేసేదే."

"అంతే అయింటాది," అన్నాడు.

చీటీ మీద టిక్కు భయం వల్ల పెట్టాను అనుకుందాం. గార్డును సీటు వెనక పెట్టింది కంగారులో అనుకుందాం. ఈ మాటకు మాత్రం నా దగ్గర ఏ సాకూ లేదు. అతని చెయ్యి షాఫ్టు తీసుకుంది. అతని దగ్గర మిగిలిన ఇంకోదాన్ని, తన మీద తనకున్న నమ్మకాన్ని, ఆ పూట నేను తీసుకున్నాను.

ఆ తర్వాత నేను అతనికి సాయం చేశాను. శెట్టిగారిని బతిమాలి షెడ్డులో వాచ్‌మన్ పని ఇప్పించాను. పొలం కౌలుకిచ్చి, భార్యాభర్తలు వచ్చి షెడ్డు వెనక గదిలో చేరారు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. యాకోబు చర్చిలో సాక్ష్యం చెప్పినప్పుడల్లా నా పేరు తీసి దేవునికి వందనాలు చెబుతాడు. అప్పుడు జనం నా వైపు తిరిగి చూస్తారు. ప్రభువు బల్ల దగ్గర నా పక్కనే మోకరిస్తాడు. ఎడమ చేత్తో రొట్టె అందుకుంటాడు. పని మానేసి ఎర్రగుంట్లకో ఎక్కడికో పోదామని ఎన్నోసార్లు అనుకున్నాను. పోతే ఎందుకు పోయాడంటారు? నేను కట్టిన దొడ్డిలో నేనే చిక్కుకున్నాను. రోజూ పొద్దున దాని గేటు తీసేది యాకోబే.

రూతమ్మ అతన్ని క్షమించలేదు. గోడ అవతల పని చేసుకుంటుంటే నాకు వినిపించేది. నీ చేతులారా చేసుకుంటివి, నన్ను ఇట్ల చేస్తివి అనేది. అన్నం కలిపి పెడుతూ అనేది. అతను ఎదురు చెప్పేవాడు కాదు. నేను స్పానరు శబ్దం కొంచెం పెంచేవాణ్ణి.

అన్నిటికంటే ఘోరం ఇంకొకటుంది. షెడ్డులో కొత్త డ్రైవర్లు చేరినప్పుడల్లా ట్రాక్టరును ఎట్లా సిద్ధం చేయాలో నేర్పేది నేను. బరువులు, గొలుసులు, జాలీ అన్నీ చూపించి, షాఫ్టు దగ్గరికి వచ్చేసరికి శెట్టిగారు యాకోబును పిలవమంటారు. యాకోబు వచ్చి చొక్కా చెయ్యి పైకి మడిచి చూపిస్తాడు. గార్డు తీస్తే ఏమవుతుందో చెబుతాడు. తన తప్పు చెప్పుకుంటే ఇంకొకడు బతుకుతాడని అతని నమ్మకం. మొదట్లో, తీసినానంట అనేవాడు. ఒక ఏడాదికి, తీసినా అన్నాడు. ఏటేటా అతని కథకు వివరాలు చేరాయి. పోయిన నెల ఒక కొత్త డ్రైవరు, దేనితో తీశావు అని అడిగాడు. స్క్రూడ్రైవరుతో ఎత్తినా, రింగు టప్పుమని విరిగె, ఆ సద్దు ఇప్పటికీ చెవిలో ఉండాది అన్నాడు యాకోబు.

ఆ శబ్దం విన్నది ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. అది ఎప్పుడు, ఎట్లా అతని చెవిలోకి పోయింది? రింగు ఎట్లా విరుగుతుందో డ్రైవర్లకు చెబుతూ ఏ రోజో నేనే ఆ శబ్దం చేసి చూపించానా? అయి ఉండాలి. చేయని పనికి అతనికి జ్ఞాపకం కూడా నేనే తయారు చేసి ఇచ్చాను. ఆ రోజు పాఠం మధ్యలో ఆపేసి, కడుపులో నొప్పి అని ఇంటికి వచ్చేశాను.

పోయిన ఆదివారం సాయంత్రం వాళ్ల గదికి పోయాను. రూతమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. యాకోబు మంచం మీద ఉన్నాడు. నిలబడే అంతా చెప్పాను. రింగు, డ్రమ్ములు, టిక్కు, గోనెసంచి, ఎర్రమన్ను. ఏదీ వదల్లేదు. చెబుతున్నంతసేపూ అతను లేచి నన్ను కొడితే బాగుండునని కోరుకున్నాను.

అతను నవ్వాడు. జాలిగా.

"నీ మనసు నాకు తెల్దా అన్నా. నా తప్పు నువ్వు మొయ్యాలని చూస్తాండావు. వద్దు. నాకు బాగా గుర్తుండాది, ఈ చేత్తోనే తీసినా," అని ఖాళీ చొక్కా చెయ్యిని పైకెత్తాడు.

ఒట్టు వేశాను. బైబిలు మీద చెయ్యి పెట్టాను. పెద్దోడివి అట్ల ఒట్లు పెట్టుకోవద్దు అని నా చెయ్యి తీసి పక్కన పెట్టాడు. రుజువు చూపిద్దామంటే రుజువులన్నీ నేనే మాపేశాను. ఎనిమిదేళ్లు నా అబద్ధాన్ని నేను కాపాడాను. ఇప్పుడు అతను కాపాడుతున్నాడు, నా మీది ప్రేమతో.

బయటికి వచ్చి బండి తీస్తుంటే రూతమ్మ వెనకాలే వచ్చింది. చేట ఇంకా చేతిలోనే ఉంది. ఆమె నమ్మిందని ముఖం చూడగానే తెలిసింది. తిట్టలేదు. ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"ఎనిమిదేండ్లు ఆయన్ని తింటి కదన్నా మాటల్తో. ఆ మాటలన్నీ యాడికి పోవల్ల?"

జవాబు కోసం ఆమె ఆగలేదు, లోపలికి పోయి తలుపు వేసుకుంది.

శెట్టిగారికి ఇంకా చెప్పలేదు. చెబుతాను అని రాయబోతే చెయ్యి రావడం లేదు, అందుకే ఆ మాట రాయడం లేదు. చర్చిలో చెబితే యాకోబే లేచి కాదంటాడు. క్షమించమని ఎవరిని అడగను? అడగవలసినవాడు నన్ను తప్పు చేసినవాడిగానే ఒప్పుకోవడం లేదు.

అందుకే మీకు రాస్తున్నాను. మీకు అతని మీద ప్రేమ లేదు, నా మీద గౌరవం లేదు. మీరు నమ్మడానికి అడ్డేమీ లేదు. గార్డు తీసింది నేను. తిరిగి తొడగనిది నేను. తొడిగానని సంతకం పెట్టింది, మన్ను రుద్దింది, మంచం మీద ఉన్న మనిషి నిజం అడిగితే అబద్ధం చెప్పింది నేను. యాకోబు ఆ పొద్దున బండెక్కి పనికి పోయాడు. అంతకు మించి అతను ఏమీ చేయలేదు.

రాశాను. ఏదీ మారలేదు. ఊపిరి మాత్రం చాలా రోజుల తర్వాత కడుపుదాకా దిగింది.