లెక్కల సార్ వేసిన గోడకుర్చీ

నిన్న హిమాయత్‌నగర్ జిమ్‌లో ట్రైనర్ నన్ను గోడకు వీపు ఆనించి, కుర్చీ లేకుండానే కుర్చీలో కూర్చున్నట్టు ఉండమన్నాడు. నా తొడలు వెంటనే గుర్తుపట్టాయి. గోడకుర్చీ! నారాయణగూడ బడి బ్యాచ్, మీ కాళ్లకూ గుర్తుందా?

ఎనిమిదో తరగతిలో లెక్కల సార్ కొత్త టచ్ ఫోన్ కనబడకుండా పోయింది. "తీసినోళ్లు ఒప్పుకునేదాంక ఎవ్వరు లెవ్వొద్దు" అని క్లాసంతటితో గోడకుర్చీ వేయించారు. గోడ సున్నమంతా మన వీపులకు అంటింది. చిక్కడపల్లి నుంచి నడిచొచ్చే రజిత నా పక్కనే వణుకుతోంది.

"ఇగ లెవ్వొచ్చా సార్?" అని అడిగింది. సార్ తల తిప్పుకున్నారు. రజిత అక్కడే కూలబడింది.

అప్పుడే బడి ఆయమ్మ ఫోన్ పట్టుకొచ్చింది. "స్టాఫ్ రూంల చార్జింగ్ పెట్టి మర్చిపోయిన్రు సార్."

సార్ మనల్ని బెంచీల మీద కూర్చోబెట్టారు. తర్వాత ఖాళీ అయిన గోడకు ఆనుకుని తానే గోడకుర్చీ వేశారు. ఎవరికీ నవ్వు రాలేదు. కాసేపటికి ఇస్త్రీ ప్యాంటులో ఆయన కాళ్లు వణకసాగాయి.

"ఇగ లెవ్వొచ్చా?" అని మనల్నే అడిగారు.

"నేను గూడ గట్లనే అడిగిన సార్" అంది రజిత.

సార్ లేవలేదు. తప్పు ఆయనదే, ఒప్పుకున్నదీ ఆయనే. అయినా బెల్లు కొట్టేదాకా మనలో ఒక్కరమైనా "చాలు సార్" అన్నామా?

నిన్న నా కాళ్లు వణకగానే ట్రైనర్ "చాలక్కా, లేవండి" అన్నాడు.

నాకు లేవబుద్ధి కాలేదు.