ఇసకలో సీసపు గుండ్లు

పెళ్ళయిన కొత్తలో నాకు మా ఆయన మీద అనుమానం ఉండేది. ప్రతి ఆదివారం చర్చిలో ఆరాధన ముగియడం ఆలస్యం, సైకిలెక్కి సముద్రం వైపు వెళ్ళిపోయేవాడు. పొద్దుగూకాక ఒంటినిండా ఇసకతో వచ్చి, చెంబెడు నీళ్ళు తాగి పడుకునేవాడు. ఎక్కడికి వెళ్ళారంటే "దిబ్బలకాడికి" అనేవాడు. మిగిలిన ఆరు రోజులూ బడిలో పిల్లల చేత డ్రిల్లు చేయిస్తూ గొంతు చించుకుని వచ్చేవాడు, ఇంట్లో మాత్రం మాటకు కరువు. ఏళ్ళు గడిచినా మాకు పిల్లలు కలగలేదు. నాకేమో నోరు ఊరుకోదు. గోడలతో మాట్లాడుకుంటూ కాపురం చేశాను.

ఒక ఆదివారం కోపం పట్టలేక సైకిలు క్యారియర్ మీద ఎక్కి కూర్చున్నాను.

"యాడికి పోతా ఉండారో నేనూ చూస్తా. ఆమెవరో నేనూ ఒకసారి పలకరించి వస్తా," అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఎండగా ఉంటాదమ్మే," అన్నాడు, అంతే.

మైపాడుకి ఉత్తరంగా, సముద్రానికీ తాటితోపులకీ నడుమ అంతా ఇసక దిబ్బలు. యుద్ధం రోజుల్లో సిపాయిలకు అక్కడ తుపాకీ కాల్చడం నేర్పేవారు. మా ఆయనా అక్కడే నేర్చుకున్నాడు. పట్టాళం వెళ్ళిపోయాక విరిగిన సిమెంటు దిమ్మెలూ, తుప్పు పట్టిన ముళ్ళతీగా మిగిలాయి. మనిషన్నవాడు కనిపించడు. ఆ గాలి హోరు వింటూ నిలబడితే నాకు దిగులేసింది.

అక్కడ ఆయన నోరు విప్పాడు. తనతోపాటు పట్టాళంలో చేరిన స్నేహితుడు ఒకడుండేవాడట, మా చర్చి సంఘం వాడే. కాల్పులు నేర్చుకుంటుండగా పొరపాటున గుండు తగిలి అక్కడే ప్రాణం వదిలాడు. మర్నాడే అందరూ ఓడెక్కాలి. గురిబోర్డుల వెనక పోసిన ఇసక కట్ట ఉండేది, దాని అవతల గుంట తీసి పూడ్చేశారు.

"పాస్టరు అయ్యగారు లేరు, ప్రార్థన లేదు. కాళ్ళ బూట్లు కూడా విప్పలా. కుక్కని పూడ్చినట్టు పూడ్చినాం," అన్నాడు.

ఆ చోటు కనిపెట్టి ప్రార్థన చేయించాలని ఆయన పట్టుదల. చిక్కేమిటంటే ఆ కట్ట గాలికి ఎప్పుడో చెదిరిపోయింది. దిబ్బలు కూడా ఉన్నచోట లేవు. అందుకని గుండ్లు వెతికేవాడు. గాలికి ఇసక పోతుంది గానీ సీసం పోదు, కట్టలో దిగబడిన గుండ్లు ఆ చోటనే కిందికి దిగి ఉంటాయి. అవి ఎక్కడ ఎక్కువగా దొరికితే కట్ట అక్కడ ఉన్నట్టు. గుండు దొరికినప్పుడల్లా సిమెంటు దిమ్మె నుంచి తాడుతో కొలిచి, అట్టమీద తాను గీసుకున్న పటంలో పెన్సిలుతో చుక్క పెట్టేవాడు.

తర్వాతి ఆదివారం నుంచి నా పిండి జల్లెడ కూడా దిబ్బలెక్కింది. ఆయన తవ్వేవాడు, నేను జల్లించేదాన్ని. మధ్యాహ్నం దిమ్మె నీడలో సద్ది విప్పుకుని తినేవాళ్ళం. జల్లిస్తూ నేను అనుకునేది ఒకటే: ఆ చచ్చిపోయినవాడు తొందరగా దొరికితే, బతికున్న మొగుడు నాకు మిగులుతాడు. భర్త పక్కనే కూర్చుని అలా అనుకోవడం ఎంత ఒంటరితనమో ఎవరికి చెప్పుకోను?

అలా ఏళ్ళు గడిచాయి. ఈలోగా ఫారెస్టు వాళ్ళు దక్షిణం నుంచి సరుగుడు మొక్కలు నాటుకుంటూ వస్తున్నారు. అక్కడిదాకా నాటేస్తే ఇంక తవ్వనివ్వరని ఆయనకు కాలు నిలవలేదు. సెలవు దొరికిన ప్రతిరోజూ వెళ్ళాం. ఆఖరికి ఒకచోట గుండ్లు దోసిళ్ళతో దొరికాయి. పటంలో చుక్కలు కలిపితే గీత అయింది. ఆ గీతకు సముద్రం పక్కన తవ్వుకుంటూ పోగా, కొన్ని వారాలకు బూటు మడమల ఇనప లాడాలు రెండూ బయటపడ్డాయి, వాటి దగ్గరే ఎముకలు. ఆయన లాడాలను తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

పాస్టరు గారు వచ్చి వాక్యం చదివారు. తలా పిడికెడు ఇసక వేశాం. చర్చిలో పెదవులు మాత్రమే కదిపే మనిషి ఆ రోజు గొంతెత్తి పాడాడు. నాకు పండగలా ఉంది. దారి పొడుగునా వాగుతూనే ఉన్నాను, ఇంక ఆదివారాలు బోగోలులో మా అమ్మను చూసి వద్దామనీ, ఇంకా ఏవేవో. అన్నిటికీ "అట్నే" అన్నాడు.

మరుసటి ఆదివారం ఆయన నాతోపాటే ఇంటికొచ్చాడు. అన్నం తిని వసారాలో కూర్చున్నాడు. నేను ఎదురుగా కూర్చున్నాను. పక్కింటి మేక ఈనిందని చెప్పాను. "ఊ" అన్నాడు. కందిపప్పు పురుగు పట్టిందన్నాను. దానికీ "ఊ". ఇక ఏం చెప్పాలో నాకే తోచలేదు. దిబ్బల మీదైతే గుండు దొరికినప్పుడల్లా "ఇట్రా, చూడు" అని పిలిచేవాడు. మా కాపురంలో ఆయన నన్ను పిలిచిందంతా అక్కడే.

"కట్టకి ఉత్తరం పక్క మనం చూడనే లేదు. ఆడ కూడా గుండ్లు ఉంటాయేమో, పోదామా?" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. "వాడు దొరికినాడు గదా. ఇన్నేళ్ళూ నిన్ను ఎండలో తిప్పినాను. ఇంక నీకా తిప్పలు వద్దులే," అన్నాడు.

ఎంతో ప్రేమగా అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి, ఆయనకు వినపడకుండా ఏడ్చాను.