దయచేయండి, దొరగారూ!

తునిలో రైలెక్కిన ఓ పెద్దాయన నా పక్కన కూర్చుంటూనే ఫోన్‌లో మ్యాచ్ పెట్టారు. ఇంగ్లండు వాళ్ళు బ్యాటింగ్ చేస్తున్నారు. బోగీలో సగం మంది మా సీటు మీదికి ఒరిగారు.

వికెట్ పడితే, "పడగొట్టేశాడు మనోడు!" అని అరిచేవారాయన. వాళ్ళు సిక్స్ కొడితే మాత్రం, "దొరగారు బాగా ఆడుతున్నారండి" అనేవారు.

మాది కరీంనగర్. నాకు ఒళ్ళు మండింది. "మనోడేమో వాడు, వాళ్ళకు గారేంది కాకా?" అన్నాను.

"మనోడు ఇంట్లో పిల్లోడండి. వాళ్ళు ఆట నేర్పినోళ్ళు, మర్యాద తప్పకూడదు కదండీ. ఓడించడానికి మాత్రం మొహమాటం ఏంటండి?"

రాజమండ్రి దాటి రైలు గోదావరి వంతెన ఎక్కేసరికి వాళ్ళకి ఒక్క వికెట్టే మిగిలింది. బంతి గాల్లోకి లేచి మనవాడి చేతుల్లో పడింది. పెద్దాయన లేచి నిలబడి, పెళ్ళికొచ్చిన చుట్టాన్ని సాగనంపినట్టు చేతులు జోడించి, "ఇక దయచేయండి, దొరగారూ!" అన్నారు.

వంతెన మోతను మించి బోగీ అంతా అదే మాట అందుకుంది. నా కరీంనగర్ గొంతు అందరికంటే పైన ఉంది. తాతల నాడు పొమ్మన్న దొరల్ని, ఆ రోజు గోదావరి మీద గారు పెట్టి మరీ సాగనంపాం.