బోర్లించి చూడని బండి

ఈ ఉదయం ప్రార్థన ముగించి మోకాళ్ళ మీంచి లేస్తుండగా ఫోను మోగింది. పాత బొమ్మ బండ్లు పోగుచేసే మా వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. తెల్ల తువ్వాల మీద పసుపుపచ్చ డంపరు బొమ్మ ఒకటి, అరచేతిలో పట్టేంతది, ఐదు ముక్కలై పడి ఉంది. కింద ఒకే ప్రశ్న: "దీన్ని ఎవలు పలగొట్టిన్రో చెప్పున్రి." పంపింది మా బావ, అంటే మా అక్క భర్త, ఆరేళ్ళుగా నాతో మాట్లాడని మనిషి. ఆ డంపరును నేను చూడగానే గుర్తుపట్టాను. దాన్ని పిడికిట్లో పట్టుకునే ఆయన ఎడమ కన్ను పోగొట్టాను. ఫోను బల్ల మీద బోర్లా పెట్టి చాలాసేపు దాని వీపు చూస్తూ కూర్చున్నాను.

మా గోదావరిఖనిలో మీసాలు నెరిసిన మగవాళ్ళు బొమ్మ బండ్లతో కాలక్షేపం చేస్తారంటే బయటివాళ్ళు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఇవి పిల్లలు నేల మీద తోసుకునే ప్లాస్టిక్ సరుకు కాదు. మేము పుట్టకముందు అచ్చుల్లో పోతపోసిన జింకు బండ్లు. మా బావ ఓపెన్‌కాస్టు గనిలో డంపరు ఆపరేటరు. రోజంతా మట్టీ బొగ్గూ మోసే ఇంటంత డంపరు నడిపి, ఇంటికొచ్చి వేలంత డంపరును గుడ్డతో తుడిచేవాడు. "డ్యూటీల నడిపింది సాలదా, ఇంట్ల గూడ గదేనా?" అని అక్క విసుక్కుంటే, "డ్యూటీల అది నన్ను నడుపుతది. ఇంట్లనే నేను దాన్ని నడిపేది" అనేవాడు. నేను ల్యాంప్ రూములో పనిచేశాను. గని లోపలికి దిగే ప్రతి మనిషికీ నెత్తిన పెట్టుకునే దీపం ఇచ్చి, పైకి వచ్చాక తిరిగి తీసుకోవడం నా పని. దీపం మీద నంబరు, మనిషి టోకెను మీద నంబరు కలవాలి. ఒక్క దీపం తిరిగి రాకపోతే లోపల ఒక మనిషి ఉండిపోయాడని అర్థం. ఆ అలవాటు ఎముకల్లోకి దిగి, నా బండ్లన్నిటి అడుగున కూడా చిన్న ఉలితో నా పాత టోకెను నంబరు 417 కొట్టుకునేవాణ్ణి. పాత బండి మీద సుత్తె ఆనించడం మా వాళ్ళలో మహాపాపం. "నువ్వు ఎంత ప్రార్థన చేసినా నరకంల నీకు జాగ ఖాయం" అనేవాడు మా కాక.

కాక అంటే రక్తసంబంధం లేదు. కమాన్‌పూర్ నుంచి వచ్చి బావ పక్క క్వార్టర్లో ఉండిపోయిన ముసలాయన, భూగర్భంలో పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టిన మనిషి. ఒకసారి కప్పు కూలి కుడి బొటనవేలు సగం అక్కడే వదిలేసి వచ్చాడు. ఆదివారం ఆరాధన అయ్యాక మేము బావ వరండాలో చేరేవాళ్ళం. కాక న్యాయమూర్తి. ఒకరు ఒక బండిని తువ్వాల కింద పెడతారు. ఇంకొకరు గుడ్డ కిందకి చెయ్యిపెట్టి తడిమి అది ఏ బండో చెప్పాలి. తడిమాక బయటికి తీసి, బోర్లించి, అడుగున పోతపోసిన అక్షరాలు చదివితే గానీ జవాబు లెక్కలోకి రాదు. పైన రంగు వేసి ఎవరైనా మోసం చెయ్యగలరు, అడుగు అబద్ధం చెప్పదు అనేది మా నియమం. తప్పు చెప్పినవాడికి కాక సగం బొటనవేలు దాచి, మిగతా పిడికిలితో నడినెత్తిన మొట్టికాయ వేసేవాడు. ఆ మొట్టికాయ తింటే సాయంత్రం దాకా దువ్వెన పెట్టలేకపోయేవాళ్ళం. ప్రశ్నలు రకరకాలుగా ఉండేవి. ఇరుసు చివర రంగు అంటుకుని ఉంటే ఏమిటి అర్థం? తర్వాత ఎవరో రంగేశారని. ఈ పసుపు డంపరు తొట్టిలో ముందు విరిగే మూల ఏది? ఎడమ వెనక మూల, అక్కడ పోత పలచన. ఈ ప్రశ్న నేనే ఒకసారి అడిగి బావకు మొట్టికాయ వేయించాను. ఎవరూ తాకకుండా పెట్టెలోనే ముక్కలయ్యే బండి ఏది? పోతపోసేటప్పుడు జింకులో సీసం కలిసిన బండి. మేము దాన్ని తెగులు అంటాం. అది యాభై ఏళ్ళు లోపలే నిద్రపోయి, ఒకనాడు లోహాన్ని లోపల్నుంచే చీల్చేస్తుంది.

మధ్యలో మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు సైరను మోగేది. మాటలు ఆపి కూర్చునేవాళ్ళం. కింద భూమి గుద్దినట్టు అదిరేది, గోడ పగులు ఒక ఇసుక రేణువంత పెరిగేది, వరండాలో బావ అరలోని బండ్లన్నీ ఎవరో తోసినట్టు ఒక వేలెడు ముందుకు నడిచేవి. బావ తన అర అంచుకు చెక్కపట్టీ కొట్టుకున్నాడు. మా ఇంట్లో నా అరకూ కొట్టుకొమ్మన్నాడు. నేను బద్ధకించాను.

నా కోపం గురించి చెప్పకుండా ఈ కథ సాగదు. మా నాన్న గని నుంచి వచ్చి, దీపం కట్టుకునే తోలు బెల్టు విప్పి, చెంబు పక్కకు జరిగి ఉంటే చాలు మమ్మల్ని ఉతికేవాడు. ఆ బెల్టు మట్టిలో కలిసిపోయింది గాని ఆ చెయ్యి నాకు వచ్చింది. ల్యాంప్ రూములో ఒకతను తాగి వచ్చి దీపం నేలకేసి కొడితే, కౌంటరు దూకి అతని ముందు పన్ను ఊడగొట్టాను. ఆ తర్వాత ప్రభువు నన్ను పట్టుకున్నాడు. ఏడ్చి ఒప్పుకున్నాను, బాప్తిస్మం తీసుకున్నాను, సంఘపెద్దనయ్యాను. శాంతి గురించి నేను వాక్యం చెబుతుంటే ముందు వరుసలోని అవ్వలు కొంగుతో కళ్ళొత్తుకునేవారు. పిడికిలి చచ్చిపోయిందని నేను నిజంగానే నమ్మాను.

ఆరేళ్ళ కిందట ఒక వారం నా పసుపు డంపరు కనబడకుండా పోయింది. అరలో దాని జాగా ఖాళీ. ఇల్లంతా వెతికాను. ముందురోజు బావ ఇంటికి వచ్చి వెళ్ళాడని మా ఆవిడ అంటే, ఆ మాట ముల్లులా లోపల దిగింది. ఆదివారం ఆరాధనలో నేనే ముగింపు ప్రార్థన చేశాను. గంట తర్వాత బావ వరండాలో తువ్వాల కిందకి చెయ్యి పెట్టాను. వేళ్ళకు తొట్టి తగిలింది, తర్వాత ఎడమ వెనక మూల, విరిగి ముల్లులా ఉంది. నా డంపరుకు విరిగిన మూల అదే. నా చెవుల్లో సైరను మోగినట్టయింది.

"ఇది నాది. దొంగతనం చేసి నాకే పొడుపు పెడుతున్నవా?" అన్నాను.

బావ పడీ పడీ నవ్వాడు. "నీయవ్వ, నాది నేనే ఎందుకు దొంగతనం జేస్త? మొన్ననే మన పక్క జైపూర్ల ఒకాయన ఇచ్చిండు. బోర్లించి సూడు బామ్మర్ది."

"సూసేదేం లేదు. నా చేతికి తెలుసు."

"బోర్లించకుంటే జవాబు లెక్కల రాదు పిలగా" అన్నాడు కాక.

బావ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "పొద్దుగాల ప్రార్థనల కండ్లు మూసిండు కాక, ఇంకా తెరువలే. బగ్గ బెల్టు దెబ్బలు తిన్న కొడుకు గదా, అందరు గుంజుకునేటోల్లే అనిపిస్తది."

నాన్న బెల్టు సంగతి నేను చెప్పుకున్నది ఆయన ఒక్కడికే. చెయ్యి దానంతటది లేచింది. డంపరు ఇంకా పిడికిట్లోనే ఉంది. విరిగిన మూల ఆయన ఎడమ కంట్లో దిగింది. ఆ చప్పుడు మెత్తగా ఉంది, అందుకే ఈనాటికీ మరిచిపోలేను. ఆయన అరవలేదు. ఒక చేత్తో కన్ను మూసుకుని రెండో చేత్తో నా గొంతు పట్టుకున్నాడు. ఇద్దరం అర మీద పడ్డాం, అర మా మీద పడింది, యాభై అరవై బండ్లు వర్షంలా నెత్తిన కురిశాయి. ఆయన నెత్తురు నా నోట్లోకి వచ్చింది. నేను ఆగలేదు. మళ్ళీ రెండుసార్లు కొట్టాను. కాక కర్రతో నా వీపు మీద బాదుతూ, "ఇడువురా, సస్తడురా!" అని కేకలు పెట్టాడు. అక్క రొట్టెల కర్ర పట్టుకుని వచ్చి నా మోచేతి మీద కొట్టింది. ఎముక చిట్లిన నొప్పికి పిడికిలి విడిచాను గాని, కనికరం వల్ల కాదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా నిజం ఇదే.

దవాఖానలో డాక్టరు అడిగితే బావ, "అర మీద పడ్డ సారూ, బండి గుచ్చుకున్నది" అన్నాడు. అంతే, నా వైపు చూడలేదు. బయట బెంచీ మీద కాక నెత్తురంటిన ఆ డంపరును జేబులోంచి తీసి, నా కళ్ళముందు పెట్టి, మెల్లగా బోర్లించాడు. అడుగున పోత అక్షరాలే ఉన్నాయి, ఉలి గాటు లేదు. 417 లేదు. "ఏది పలచన, ఏది ముందుగాల ఇరుగుతది అని మాకు సదువు చెప్పినోనివి నువ్వే గదరా" అన్నాడు. మర్నాడు మా ఇంట్లో బీరువా జరిపితే నా డంపరు గోడ వారన దుమ్ములో పడి ఉంది. బ్లాస్టింగుకు వేలెడు వేలెడు నడిచి అర అంచు నుంచి జారిపోయింది. ఎవరూ దొంగిలించలేదు.

కన్ను పోయింది. ఒంటికన్ను మనిషికి డంపరు ఇవ్వరు. బావకు గేటు దగ్గర కూర్చునే పని ఇచ్చారు. తను నడిపిన డంపర్లు ముందునుంచి పోతుంటే లేచి గేటు ఎత్తడం ఆ పని. నేను మూడుసార్లు ఆయన గడప దగ్గరకు వెళ్ళాను. మూడోసారి లోపల్నుంచే అన్నాడు: "దేవుని కాడికి పో. నా కాడికి రాకు."

మా సంఘంలో నెల మొదటి ఆదివారం ప్రభు బల్ల. రొట్టె, రసం పంచేముందు పాస్టరు గారు ఆగుతారు. ఎవరికి ఎవరి మీద ఏమున్నా అప్పుడే లేచి వెళ్ళి చెయ్యి కలపాలి. కలపనివాడు పాత్రను పక్కవాడికి అందించి ఊరుకోవాలి. ఇది మా పెద్దల నాటి పద్ధతి. ఆరేళ్ళుగా నేను చివరి బెంచీలో కూర్చుని పాత్ర ముట్టకుండా అందిస్తున్నాను. కిటికీ పక్కన బావ కూడా అందించేస్తాడు. కడుపులో పగ పెట్టుకుని ఆ రొట్టె తినడం ఆయనకూ చేతకాలేదు. దెబ్బ కొట్టి ఒక్క కన్నే పోగొట్టాననుకున్నాను, ఆయన్ని బల్ల నుంచి కూడా లేపేశానని మొదటి నెలలోనే తెలిసింది. "ప్రభువు నిన్ను క్షమించిండు" అని పాస్టరు గారు చాలాసార్లు అన్నారు. నమ్ముతాను. కానీ ప్రభువుకు రెండు కళ్ళూ ఉన్నాయి.

గ్రూపులో మాత్రం బావ ఉన్నాడు. అందరి పొడుపులకూ జవాబిస్తాడు, నేను అడిగినవాటికి తప్ప. ఈ ఉదయం ఆయన ఫొటో కింద జవాబులు వరుసగా పడుతూనే ఉన్నాయి. కింద పడ్డది అన్నారొకరు. మనవడు తొక్కిండు అన్నారింకొకరు. పొయ్యి పక్కన పెట్టినవా అని అడిగారు మరొకరు. నేను ఫోను తిప్పి ఫొటో పెద్దది చేసి చూశాను. అడుగు ముక్కను ఆయన పనిగట్టుకుని బోర్లించి పెట్టాడు. పోత అక్షరాలే ఉన్నాయి, నంబరు లేదు. విరిగిన అంచులు పొడిబారిన బెల్లంలా గరుకుగా ఉన్నాయి. దెబ్బ తగిలి విరిగితే అట్లా ఉండదు. అది తెగులు. ఆ రోజు అన్ని దెబ్బలు వేసినా ఆ డంపరుకు గీత పడలేదు. ఆరేళ్ళు ఆయన అరలో ఊరికే నిలబడి, తనంత తాను చీలిపోయింది. జవాబు నాకు తెలుసు, ఆయన అడిగినవాటిలో ఇంతకంటే తేలికైనది లేదు.

అయినా వేలు ఆ జవాబు రాయలేదు. రెండక్షరాలే రాసింది: "నేనే."

పంపేశాను. ఆరేళ్ళలో మొదటిసారి నా మాటకు బావ టైపు చేస్తున్నట్టు చూపించింది. ఆగింది. మళ్ళీ చూపించింది. ఒక్క వేలితో, ఒంటికన్నుతో రాస్తాడు గదా.

"తప్పు జవాబు. ఎవలు పలగొట్టలే, తెగులు. గిన్నేండ్ల సంది బండ్లు సూస్తున్నవ్, గింత తెల్వదా? కాక చెయ్యి వణుకుతున్నది, మొట్టికాయ నేనే కొడుత. ఆదివారం బల్ల ఉన్నది. నా పక్కపొంటి కూసో."

డంపరు గురించే ఆయన తప్పన్నాడు. కన్ను సంగతిలో ఆ జవాబును తప్పనలేదు. మోకాళ్ళ మీద మళ్ళీ కూర్చున్నాను. ఈ రోజు బుధవారం. ఆరేళ్ళు ఎట్లా గడిచాయని ఎవరైనా అడిగితే నెల నెలా చెప్పగలను. ఈ నాలుగు రోజులు ఎట్లా గడుస్తాయో మాత్రం తెలియడం లేదు.