తుపాకుల దుకాణం మూయించిన బట్టల సేటు

పెళ్లిళ్ల సీజన్‌లో తన వ్యాపారాన్ని తన ఉపన్యాసంతోనే ముంచుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇది చదవండి, ఆ ఘనుణ్ణి నేనే.

హైదరాబాద్‌లో ఎవరిని కదిలించినా కంప్యూటరు మాటలే వినిపిస్తున్న రోజులివి. చేవెళ్ల బస్టాండు దగ్గర మాది బట్టల దుకాణం. పక్కనే నర్సింలు వీడియో గేముల దుకాణం. దాని పైన మేడ మీదికి మా అమ్మాయి స్రవంతి రోజూ ట్యూషన్‌కు వెళ్లేది. మా వైపు పెళ్లి బట్టలంటే ఇంటిల్లిపాదీ ఆటో నిండా దిగి, పరుపుల మీద కూర్చుని, పొద్దుగూకేదాకా చీరలు విప్పిస్తారు. వెంట వచ్చిన పిల్లలు గోల చేయకుండా నేనే తలా ఒక రూపాయి బిళ్ల చేతిలో పెట్టి నర్సింలు దగ్గరికి పంపేవాణ్ణి. అక్కడ వాళ్లు ఏం ఆడుతున్నారో ఒక్కనాడూ తొంగి చూడలేదు. నాకు కావలసింది చీరల బేరం తెగడం.

అంతలో మొయినాబాద్‌లో ప్లాటు కొన్న పట్నం మనిషి ఒకాయన ప్యాంటు గుడ్డ కోసం వచ్చి, వీడియో గేముల్లో తుపాకుల ఆటలు ఆడే పిల్లలు పెద్దయ్యాక హంతకులవుతారని చెప్పిపోయాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. చేవెళ్ల భవిష్యత్తంతా నా నెత్తి మీదే ఉన్నట్టు అనిపించింది. మర్నాడు బజారులోని వ్యాపారులందరినీ పోగుచేసి, తల్లిదండ్రుల బాధ్యత గురించి గొంతు పోయేలా మాట్లాడాను. ఆ ఆట మీరు చూశారా అని ఎవరో అడిగితే, విషం రుచి చూడాలా అని నోరు మూయించాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

నర్సింలు నిదానంగా లేచాడు. "సేటూ, పిల్లలను నేను తోలుకొస్తలేను. మీరే తోలుతున్నరు" అన్నాడు. దుకాణం మూయాల్సిందేనని నేను ఇంకాస్త గట్టిగా అరిచాను. అతను తాళం వేసి, షేర్ ఆటో ఎక్కి మొయినాబాద్ దగ్గర తన ఊరు హిమాయత్‌నగర్‌కు వెళ్లిపోయాడు.

రెండు రోజులకే ఎంకపల్లి నుంచి పెళ్లివారు దిగారు. ఆ సీజన్‌కే పెద్ద బేరం. పెద్దావిడ పరుపు మీద కూర్చుంటూనే, "పోరగాండ్లను జర ఆ ఆటల తానికి తోలు సేటూ" అంది. తుపాకులాటలు పిల్లలను చెడగొడతాయని మూయించానని గర్వంగా చెప్పాను. ఆవిడ ముఖం చూస్తే పెద్దగా సంతోషించినట్టు లేదు.

కాసేపటికి ట్యూషన్ లేదంటూ మా స్రవంతి వచ్చింది. పిల్లలను రెండు జట్లు చేసింది. పట్టుచీరల దొంతరలు కోటగోడలయ్యాయి, బట్ట కొలిచే మీటరు కర్ర తుపాకీ అయింది. తొమ్మిదేళ్ల మా పిల్ల పొట్ట మీద పాకుతూ, వేళ్లతో సైగలు చేస్తూ దండు నడిపింది. పెళ్లికూతురు చీర మీదుగా ఆ దండు దాటుతుంటే నా ప్రాణం పోయింది. ఆపమని అరిచాను.

స్రవంతి కర్ర నా మీదికి గురిపెట్టి, "బాపు, నువ్వు చచ్చినవ్. చచ్చినోళ్లు మాట్లాడొద్దు" అంది.

ఒళ్లు మండిపోయింది. కర్ర లాక్కుని, పళ్లు కొరుకుతూ పిల్లల వెంట పడ్డాను. ఎంకపల్లి చంటివాడు గుక్కపట్టి ఏడ్చాడు. పెద్దావిడ లేచి నిలబడింది.

"తుపాకులాట ఆడితే పిల్లలు ఖరాబైతరన్నది నువ్వేనా సేటూ? మరి నువ్వు ఏ ఆట ఆడి ఇట్లయినవ్?"

అంతే, ఆటో నిండా వచ్చిన పెళ్లివారు ఎదురు దుకాణంలోకి వెళ్లిపోయారు. నేను కర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి చూశాను.

సాయంత్రం హిమాయత్‌నగర్ వెళ్లాను. నర్సింలు టమాటా చేనుకు నీళ్లు పెడుతున్నాడు. దుకాణం జర తెరువన్నా అని బతిమాలాను. అతను పార పక్కన పెట్టి నా వైపు జాలిగా చూశాడు.

"మీ స్రవంతి మెట్లెక్కి ట్యూషన్‌కు పోయింది తక్కువ, నా తాన ఆడింది ఎక్కువ. పక్క దుకాణమే కద సేటూ, బిడ్డ కోసం ఒక్కనాడన్న వస్తవేమో అని చూసిన."

నిజం చెప్తున్నాను, ఆ మాటకు సిగ్గుతో చచ్చిపోయాను. తిరుగు ఆటోలో తల ఎత్తలేదు.

దుకాణం మళ్లీ తెరుచుకుంది. ఇప్పుడు సాయంత్రం ట్యూషన్ అయ్యాక అమ్మాయి పక్కన నేనూ కూర్చుంటున్నాను. ఏ మీట దేనికో తెలిసేలోపే మా అమ్మాయి ఆటలో నన్ను కాల్చేస్తుంది. కాబట్టి చేవెళ్ల బజారు సాక్షిగా, నా మీటరు కర్ర మీద ఒట్టేసి చెప్తున్నాను. నా పిల్ల ఎక్కడుందో తెలుసుకోకుండా ఊరి పిల్లల గురించి ఇంకెప్పుడూ ఉపన్యాసం ఇవ్వను. ఇంకా చెప్పేవాణ్ణే గాని, ఇప్పుడే మళ్లీ చచ్చాను. చచ్చినవాళ్లు మాట్లాడకూడదట.