అత్త ఒడ్డున నిలబడి చెయ్యి ఊపిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో చిన్నాయన ఊసు ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. మా నాయన తమ్ముడు ఆయన. నేను పుట్టకముందే పోయాడు. ఎట్లా పోయాడని అడిగితే మా అవ్వ "నీళ్ళకు పోయినాడు" అని ఒక్క ముక్క చెప్పి, చేతిలో ఉన్న పనిని మరింత గట్టిగా చేసేది. చాటలో బియ్యం ఉంటే నేల మీద సగం రాలేట్టు చెరిగేది. కొడవలూరు దగ్గర వరి పండించే ఊరు మాది, ఎటు చూసినా కాలవలే. అయినా గట్టు మీద కాసేపు నిలబడితే చాలు, ఇంట్లోంచి కేకలు వినిపించేవి. నాకేమో మొండితనం ఉగ్గుపాలతోనే వచ్చింది. ఎవరి కంటా పడకుండా కాలవలో ఈత నేర్చుకున్నాను, నేర్చుకున్నందుకు వీపు పగిలేట్టు దెబ్బలూ తిన్నాను.

ఇప్పుడివన్నీ ఎందుకు గుర్తొచ్చాయంటే, అరవై దాటిన ఈ వయసులో, ఈ మధ్యనే ఒంటరిగా అండమాన్ దీవుల్లో ఒకదానికి వెళ్ళి వచ్చాను. ముఖానికి అద్దం, నోట్లో గొట్టం పెట్టుకుని, నీళ్ళ మీద బోర్లా తేలుతూ సముద్రం అడుగున తిరిగే జీవాలను చూడాలని నా కోరిక. మా పిల్లలు లబోదిబోమన్నారు. "మోకాళ్ళ నొప్పులని మేడ మెట్లే ఎక్కవు, సముద్రంలో దిగుతావా?" అంది మా అమ్మాయి. దిగాను. తిరిగి వచ్చాను గనక రాస్తున్నాను. రావడానికి కారణం మాత్రం మా మేనత్త.

అత్తను ఇచ్చింది కోట అనే ఊరు దాటి సముద్రం వైపు పోతే వచ్చే ఒక చిన్న ఊరికి. ఇప్పుడక్కడ ఎటు చూసినా రొయ్యల గుంటలే గానీ, అప్పట్లో సరుగుడు తోపులు, వాటి పక్కనే ఉప్పుటేరు. ఏటికి అవతల ఒక ఇసుక దిబ్బ ఉండేది. చుట్టూ నీళ్ళే కాబట్టి అది దీవి కిందే లెక్క. ఆ దిబ్బ పక్కనుంచే ఏరు పోయి సముద్రంలో కలిసేది. నీళ్ళు నిలకడగా ఉన్నప్పుడు గేదెలు ఈదుకుంటూ దిబ్బకు పోయి, మేసి, వాటంతటవే తిరిగి వచ్చేవి. గేదెలు పోగలిగిన చోటికి నేను పోలేనా అని నాకు ఒకటే ఉడుకు.

మా అత్త పనిమంతురాలు. మాట తక్కువ, నవ్వు ఇంకా తక్కువ. ఆమెలో నాకు అర్థం కానిది ఒకటుండేది. ఏటి ఒడ్డున కాపురం చేస్తూ ఏటి వైపు చూసేది కాదు. వాకిట్లో కూరగాయలు తరుక్కుంటున్నా సరే, వీపు ఏటికి పెట్టి కూర్చునేది. పక్కింటి వాళ్ళు చల్లగాలికి ఒడ్డు మీదికి పిలిస్తే, పొయ్యి మీద ఏదో ఉందని లోపలికి పోయేది. చాలాసార్లు పొయ్యి మీద ఏమీ ఉండేది కాదు.

నాకు తొమ్మిదో పదో ఏళ్ళప్పటి వేసవి అది, సెలవులకు అత్త ఇంట్లోనే ఉన్నాను. బొప్పాయి ఆకు కాడ లోపల బోలుగా ఉంటుంది కదా, కొంచెం వంకర తిరిగిన కాడ ఒకటి ఏరుకుని, రెండు కొసలూ కోసి, ఒక కొస నోట్లో పెట్టుకుని నీళ్ళలో ముఖం ముంచి ఊపిరి పీల్చడం కనిపెట్టాను. మొదట్లో ఉప్పు నీళ్ళు గొంతులో పడి దగ్గు, కళ్ళు మంట. రెండు మూడు రోజులకు అలవాటైంది. ఒడ్డు దగ్గరే, నడుము లోతులో, ఇసుకలో పాకే పీతలు, సూదుల్లాంటి చేపపిల్లలు కనబడ్డాయి. ఆ ఆనందం ఎవరికీ చెప్పుకోలేను, చెబితే తంతారు. దిబ్బ దాకా ఒంటరిగా పోయి అక్కడి చేపలన్నీ చూడాలని నిశ్చయించుకుని, ఒక పొద్దున కాడ చేత పట్టుకుని ఏట్లో దిగబోతుంటే వెనకనుంచి ఎవరో నా జడ పట్టుకున్నారు. చూస్తే అత్త.

ఆ రోజుకు నా వీపు విమానం మోతే అనుకున్నాను. ఆమె కొట్టలేదు. నా చేతిలో కాడ తీసుకుని ఇటూ అటూ తిప్పి చూసింది. "యాడికి?" అంది. దిబ్బకు అన్నాను. "అన్నం తిన్నాక నేనే తీసకపోతా, అందాకా దిగితే కాళ్ళిరగ్గొడతా" అని లోపలికి పోయింది. నేను ఎగిరి గంతేశాను. ఆమె ముఖం వైపు చూసి ఉంటే గంతేసేదాన్ని కాదేమో.

మధ్యాహ్నం ఎండలో అత్త బావి దగ్గరి చేంతాడు విప్పి, దానికి గేదెల్ని కట్టే తాళ్ళన్నీ ముడేసి, బాగా పొడవు చేసుకుని వచ్చింది. ఒక కొస నా నడుముకు రెండు చుట్లు చుట్టి ముడేసింది, రెండో కొస గేదెల్ని కట్టే గుంజకు బిగించింది. దూడలాగా నన్ను కట్టేయడం ఏమిటని నేను మూతి ముడుచుకున్నాను. "ఇంక పో, ఎంత దూరం పోతావో పో. తల మాత్రం ఎత్తబాకు" అంది. ఒడ్డు మీద ఒక్క మనిషి లేడు. సరుగుడు చెట్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు. ఎందుకో ఒక్క క్షణం ఇంటికి పోదామా అనిపించింది, కానీ చేపలు గుర్తొచ్చి దిగిపోయాను.

ఆ రోజు నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఎండ అడుగుదాకా దిగుతోంది. చేపపిల్లల గుంపు ఒకటి నా పక్కనే, నాతోపాటే కదులుతోంది. నేను చేతులు ఇట్లా ఆడించానో లేదో, కింద ఇసుక సర్రున వెనక్కి పోతోంది. అబ్బో, నాకు ఈత ఇంత బాగా వచ్చా అని మురిసిపోయాను. అలసటే లేదు. ఒళ్ళంతా దూదిలాగా తేలిపోతోంది. తల ఎత్తవద్దందని కాదు, ఎత్తాలనే అనిపించలేదు. నా జీవితంలో అంత సుఖం అంతకుముందు ఎరగను.

అంతలో నడుము దగ్గర తాడు బిగిసింది. కడుపులో గుద్దినట్టయింది. అప్పటిదాకా లేని ప్రవాహం ఒక్కసారిగా నా మీద విరుచుకుపడింది. కాడ నోట్లోంచి ఎగిరిపోయింది. తల ఎత్తి చూస్తే అత్త ఎక్కడో చిన్న బొమ్మంత కనబడింది. దిబ్బ నా పక్కన లేదు, దాని కొస కూడా దాటిపోయి ఉన్నాను. ఇటు తిరిగితే ఏరు సముద్రంలో కలిసే చోట తెల్లగా నురగ. అప్పుడర్థమైంది, ఈదింది నేను కాదని. ఏటి నీళ్ళన్నీ సముద్రంలోకి దిగిపోతుంటే, వాటితోపాటు నేనూ పోతున్నానని.

వెనక్కి ఈదాను. చేతులు పీకేస్తున్నాయి గానీ జానెడు కూడా కదల్లేదు. చెయ్యి పైకెత్తి ఊపాను. ఒడ్డు మీద అత్త కూడా చెయ్యి పైకెత్తి ఊపింది. మళ్ళీ ఊపాను. మళ్ళీ ఊపింది. తాడు ముట్టుకోలేదు. ఈమె నన్ను చంపడానికే తెచ్చిందనుకున్నాను, ఒట్టు, అట్లాగే అనుకున్నాను. అప్పుడు గొంతు చించుకుని "అత్తా!" అని అరిచాను. ఆ కేకతోనే ఆమె తాడు పట్టుకుంది. "ఎదురీదబాకు! అడ్డంగా రా, ఒడ్డుకేసి అడ్డంగా!" అని అరుస్తూ లాగింది.

ఇసుక మీద పడి కక్కుకున్నాను. ఏడుస్తూ ఆమెను చేతులతో కొట్టాను. కొట్టనిచ్చింది. ఆమె అరచేతులు తాడు ఒరుసుకుని తోలు లేచిపోయి ఉన్నాయి. నా ఏడుపు ఆగాక, మొదటిసారి ఏటి వైపు తిరిగి కూర్చుని చెప్పింది.

"మీ చిన్నాయన నన్ను చూసి పోదామని వచ్చినాడు. ఈడనే దిగినాడు. నవ్వతా, ఎల్లకిలా తేలతా పోయినాడు. ఆడికి పోయినాక చెయ్యి ఊపినాడు. ఆడుకుంటా ఉండాడనుకుని నేనూ ఊపినా. మళ్ళా ఊపినాడు, మళ్ళా ఊపినా. వాడు అరవలేదమ్మే. అరిచి ఉంటే..." అంది. తర్వాత నా గడ్డం పట్టుకుని, "నీళ్ళు లాగేటప్పుడు లాగినట్టుండదు, హాయిగా ఉంటాది. హాయిగా ఉందంటే తలెత్తి చూడు. ఆపదొస్తే చెయ్యి ఊపబాకు, గట్టిగా అరువు" అంది. ఇంటికి పోయాక ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు.

అండమాన్‌లో నన్నూ, చేపలు చూడను వచ్చిన ఇంకొందరినీ పడవలో తీసుకెళ్ళినాయన శ్రీకాకుళం నుంచి తాతల నాడే వలస పోయిన కుటుంబం వాడు. నడివయసు మనిషి, మంచివాడు. పడవ కనబడేంత దూరంలోనే తిరగమని అందరికీ చెప్పాడు. ముఖం ముంచగానే నేను ఈ లోకంలో లేను. రంగురంగుల చేపలు, కదిలే పూలలాంటి ప్రాణులు, వాటి మధ్య పెద్ద తాబేలు ఒకటి. అది మెల్లగా రెక్కలాడిస్తూ పోతుంటే దాని వెనకే నేనూ. ఎంతసేపు పోయానో తెలియదు. ఈ వయసులో ఇంత బాగా ఈదుతున్నానే అని నవ్వుకున్నాను కూడా. అప్పుడు తట్టింది, మోకాళ్ళు నొప్పి పెట్టడం లేదు. కాళ్ళు ఆడించడమే ఎప్పుడో మానేశాను.

కింద చూస్తే తాబేలు లేదు, చేపలు లేవు, అడుగూ లేదు. నల్లటి నీలం. తల ఎత్తితే పడవ అరచేతిలో పట్టేంత ఉంది, చూస్తుండగానే ఇంకా చిన్నదవుతోంది. లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి మునగను. కానీ మునగకుండా ఎక్కడికి పోతాను? అన్నీ తెలిసిన దాన్నే, అయినా నా చెయ్యి దానంతటదే పైకి లేచింది. పడవలో ఆయన నన్ను చూశాడు. రెండు చేతులూ ఎత్తి, సంబరంగా ఊపాడు.

ఇన్నేళ్ళూ నేను మా చిన్నాయన గురించే బాధపడ్డాను. ఆఖరిగా ఆయన చూసింది తన అక్క నవ్వుతూ చెయ్యి ఊపడం. ఆ నీళ్ళలో ఆ క్షణం నాకు గుర్తొచ్చింది ఆయన కాదు, అత్త. నాకు నేర్పడానికి ఆమె మళ్ళీ అదే ఒడ్డున నిలబడింది. అదే చోట ఒక పిల్ల చెయ్యి ఊపుతుంటే, తాడు పట్టుకోకుండా, నేను అరిచేదాకా ఓర్చుకుని, అదే చెయ్యి మళ్ళీ ఊపింది. ఎట్లా ఊపగలిగిందో మహాతల్లి!

గొట్టం పీకేసి అరిచాను. హిందీలో అరవాలా ఇంగ్లీషులో అరవాలా అన్న ఆలోచనే రాలేదు. అరవై దాటిన ముసలిదాన్ని, నడిసముద్రంలో "అత్తా! అత్తా!" అని అరిచాను. అరుస్తూ ప్రవాహానికి అడ్డంగా కాళ్ళు కొట్టాను. ఎన్ని కేకలకో పడవ ఇంజను చప్పుడు వినిపించింది. ఆయన నన్ను పైకి లాగి కూర్చోబెట్టాడు. "సరదాగా ఊపుతున్నారనుకున్నాను మామ్మగారూ. ఆ కేక ఇనీసరికి గుండాగిపోనాది" అన్నాడు. తప్పు నీది కాదు నాయనా అన్నాను. ఆ మాట అనేటప్పుడు నాకు ఏడుపు ఆగలేదు. మా అత్తకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. నాకు చెప్పే వయసు వచ్చేసరికి ఆమె లేదు.

మా పిల్లలకు చేపల సంగతే చెప్పాను, ఇది చెప్పలేదు. ఇది చదివితే తిడతారు, తిట్టనీ.

ఆ వేసవి నుంచి నాకొక పాడు అలవాటు ఉండిపోయింది. పెళ్ళయిన కొత్తలో మా ఆయన నవ్వుతూ పక్కన కూర్చుంటే, పిల్లలు అన్నం తిని ఒళ్ళో నిద్రపోతే, ఉద్యోగంలో అందరూ మెచ్చుకుంటే, ఆ హాయి ఒంటికి తగలగానే ఉలిక్కిపడతాను. లోపలినుంచి ఎవరో తల ఎత్తి చూడమంటారు. ఒడ్డు ఎంత దూరంలో ఉందో చూసుకున్నాక గానీ ఊపిరి ఆడదు. ఆ అలవాటే మొన్న నా ప్రాణం కాచింది, కాదనను. అయినా నాకు కోపమే. బతకడం నేర్పినావు గానీ అత్తా, ఒక్క పూటన్నా నిశ్చింతగా ఉండనిచ్చినావా?